సెల్లారు లిస్టులో 23వ వరుస

అపార్ట్‌మెంట్ మేనేజరుకు శాలువా కప్పడం మా దగ్గర కొత్త. లిఫ్టు ఆగినప్పుడో, నీళ్లు రానప్పుడో, పై ఫ్లాటు బాత్రూం నీళ్లు కింది ఫ్లాటు పూజగదిలోకి కారినప్పుడో తప్ప మేం ఎవరికీ గుర్తుకురాం. విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు కలిపి ఓ పాతిక మంది మేనేజర్లం నెలకోసారి ఎవరో ఒకరి అపార్ట్‌మెంటు హాల్లో కూర్చుంటాం. మాకు సంఘం పేరు లేదు, బోర్డు లేదు. టీ, మిరపకాయ బజ్జీలు, ఎవరి గొడవ వాళ్లు చెప్పుకోవడం, అంతే.

ఆ మధ్య ఒక మీటింగులో ఈసారి ఏడుపులు కాదు, ఎవరేం సాధించారో చెప్పండి అన్నారు. గుంటూరు విద్యానగర్ నుంచి వచ్చినాయన ఫ్లాటుకో నీటి మీటరు పెట్టించి ట్యాంకర్ల బిల్లు సగానికి దించానన్నారు. తాడేపల్లి మిత్రుడు బిల్డరు బీరువాలో ఇరుక్కుపోయిన డ్రాయింగులు, లిఫ్టు కాగితాలు రెరాలో (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు వేయించి రాబట్టాడట. నా వంతు వచ్చేసరికి నేను చెప్పకముందే నలుగురూ "బుడమేరు, బుడమేరు" అన్నారు. 2024లో విజయవాడను ముంచిన బుడమేరు వరద నీళ్ల మధ్య తొమ్మిది రోజులు మా బిల్డింగులో ఒక లిఫ్టు తిరిగింది, కుళాయిలో నీళ్లు వచ్చాయి. ఆ వీధిలో ఇంకెక్కడా ఆ రెండూ లేవు. శాలువా కప్పి, కేసు మొత్తం రాసివ్వమన్నారు. రాస్తున్నాను. శాలువాకు తగిన చోట్లు కొన్ని ఉన్నాయి, తగని చోటు ఒకటి ఉంది. రెండూ రాస్తాను.

బిల్డింగు

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగి పాయకాపురం వైపు వెళ్తే లోపలి వీధిలో ఉంటుంది. ఐదంతస్తులు, 60 ఫ్లాట్లు. వాటిలో 40 ఫ్లాట్లు 1,150 ఎస్‌ఎఫ్‌టి, 20 ఫ్లాట్లు 1,450. సెల్లారు సగం భూమిలోకి దిగి ఉంటుంది. దాని నేల రోడ్డుకంటే 5 అడుగులు కింద, మొదటి అంతస్తు నేల రోడ్డుకంటే 5 అడుగుల పైచిలుకు పైన. ఈ రెండు కొలతలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

మెయింటెనెన్సు చిన్న ఫ్లాటుకు నెలకు 1,800, పెద్ద ఫ్లాటుకు 2,200. అందరూ కడితే నెలకు 1,16,000, ఏడాదికి 13,92,000. నెలకు 7,500 దాటిన చందా, ఏడాదికి 20 లక్షలు దాటిన వసూలు ఉంటేనే జీఎస్టీ లెక్క వస్తుంది కాబట్టి ఆ తలనొప్పి మాకు లేదు. బ్యాంకులో కార్పస్ డిపాజిట్, అంటే పెద్ద అవసరాలకని దాచిన ఉమ్మడి నిధి, 3,10,000. దాన్ని ముట్టుకుందామంటే పెళ్లికూతురి నగలు అమ్మమన్నట్టు చూస్తారు. బకాయిలు ఎప్పుడూ లక్షకు పైనే ఉంటాయి. ఎక్కువ భాగం ఓనర్లు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, అద్దెకిచ్చిన ఫ్లాట్లవే.

2022 వానాకాలంలో ఒక రాత్రి సెల్లార్లోకి మోకాలు లోతు నీళ్లొచ్చాయి. అది ఏరు పొంగి వచ్చింది కాదు, కాలవ పూడి వెనక్కి తన్నిన వాన నీరు. కామన్ ప్యానెల్ బోర్డు అక్కడే ఉండటంతో అందులోని కాంటాక్టర్లు (మోటార్లకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చులు) తడిసి, మూడు రోజులు లిఫ్టులు లేవు, మోటార్లు లేవు. 86,000 ఖర్చయింది. నాలుగో అంతస్తులో మోకాళ్ల ఆపరేషన్ అయిన ఒక మామ్మగారు ఆ మూడు రోజులూ కూతురింటి నుంచి తిరిగి రాలేకపోయారు. కమిటీని కదిలించింది 86,000 కాదు, ఆ మామ్మగారు ఫోన్లో పెట్టిన చీవాట్లు.

లిస్టు

ఆ నవంబరులో నేనూ వాచ్‌మనూ ట్రెజరర్ మాస్టారూ ఒక ఆదివారం పొద్దుట టేపు పట్టుకుని సెల్లార్లోకి దిగాం. గేటు ముందు రోడ్డు నడిమధ్య మట్టాన్ని సున్నా అనుకుని గేటు స్తంభం మీద ఎర్ర రంగుతో గీత గీశాం. సెల్లార్లో నీళ్లు తగిలితే పాడయ్యే ప్రతి వస్తువుకూ ఒక వరుస రాసి, సున్నాకంటే ఎంత పైన, ఎంత కింద, పైకి తేవాలంటే ఏం చేయాలి అని నింపాం. ప్యానెల్, జనరేటరు, సంపు మోటార్లు, వాటి స్టార్టర్లు, బోరు కేసింగ్, లిఫ్టు పిట్‌లో ఉండే స్విచ్చులు, సీసీ కెమెరాల డబ్బా, చివరికి అగ్నిమాపక సిలిండర్లు కూడా. మొత్తం 22 వరుసలు.

ఎంత ఎత్తుకు తేవాలన్నది అసలు ప్రశ్న. ఇంజినీరు రెండడుగులు చాలన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన హైస్కూలు టీచరు, ఆ పేటలోనే ఎప్పటినుంచో ఉంటున్నారు. 2005లో బుడమేరు పొంగినప్పుడు రెండు వీధుల అవతల అద్దెకుండేవారు. మమ్మల్ని ఆ ఇంటికి తీసుకెళ్లి, కిటికీ కింద గోడ మీద "ఇదిగో, ఇక్కడిదాకా" అని చేత్తో చూపించారు. గోడకు అప్పటికి నాలుగుసార్లు సున్నం పడి ఉంటుంది, గుర్తేమీ లేదు. ఆ చేతిని నమ్మాం. లెవెల్ పైపు (రెండు చోట్ల మట్టం పోల్చే నీళ్ల గొట్టం) పెట్టి మా గేటుకు లెక్కేస్తే సున్నా మీద 3 అడుగులు తేలింది. ఇంకో రెండడుగులు కలిపి 5 అనుకున్నాం. మా పనిలో నేను నేర్చుకున్న ఇంజినీరింగులో సగం ఇలాంటి చేతులే చూపించాయి.

ఎస్టిమేటు 6,75,000 వచ్చింది. కొత్త కామన్ ప్యానెల్, కేబుళ్లు 2,40,000. జనరేటరును ముందు ఖాళీ స్థలంలో కాంక్రీటు దిమ్మె మీదకు ఎక్కించి, పొగగొట్టాన్ని డాబా దాకా లేపడానికి 1,65,000. సివిల్ పనులు 80,000. సెల్లారు నీళ్లు తోడే పంపు, పైపులు 74,000. స్టార్టర్ బోర్డులు 48,000. ఎర్తింగు 37,000. బోరు కేసింగు పెంచడం, దానికో బైపాస్ లైను కలిపి 31,000.

ఆ చివరి ముక్క నా ఆలోచన కాదు. మా ప్లంబరు టీ తాగుతూ అన్న మాట. "సంపులోకి మురికి పోతే అంతా పోయినట్టేగా సార్. బోరు నీళ్లు సంపులో పడకుండా నేరుగా పై ట్యాంకుకెళ్లేలా ఒక లైనేసి గేటు వాల్వు పెట్టుకోండి. ఎప్పుడన్నా పనికొస్తది." అప్పటికే ఎస్టిమేటు లావైపోయిందని నేను కొట్టేయబోయాను. మాస్టారు ఉండనిచ్చారు.

ఎవరు కట్టాలి

ఈ కేసులో ఎక్కువ కాలం తిన్నది సిమెంటు కాదు, ఈ ప్రశ్న. అయిదు నెలలు పట్టింది.

మొదటి జనరల్ బాడీలో ఐదో అంతస్తు ఓనరు ఒకాయన లేచారు. "మేం ఐదో ఫ్లోరండీ. మా దాకా నీళ్లొస్తే ఇక విజయవాడే ఉండదు. మేమెందుకు కట్టాలి?" చప్పట్లు కూడా పడ్డాయి. మాస్టారు కూర్చున్నచోటి నుంచే అన్నారు: "నీళ్లు మీ దాకా రావు బాబూ. పాల ప్యాకెట్ కోసం మీరే నీళ్ల దాకా రావాలి." నవ్వులతో ఆ పూటకు గండం గడిచింది కానీ తీర్మానం కాలేదు.

రెండో మీటింగులో పోట్లాట ఎత్తు నుంచి వెడల్పుకు మారింది. ఫ్లాటుకింత అని సమంగా వేస్తే తలా 11,250. ఎస్‌ఎఫ్‌టికి 9 రూపాయల చొప్పున వేస్తే చిన్న ఫ్లాటుకు 10,350, పెద్ద ఫ్లాటుకు 13,050. చిన్నవాళ్లకు తేడా 900, పెద్దవాళ్లకు 1,800. కోటి రూపాయల ఆస్తి ఉన్నవాళ్లు 1,800 దగ్గర పట్టు పట్టడం బయటివాళ్లకు నవ్వులాటగా ఉంటుంది. అది డబ్బు పట్టు కాదు. "లిఫ్టు ఎక్కేది మనిషే కానీ ఎస్‌ఎఫ్‌టి కాదు కదా" అని పెద్ద ఫ్లాట్లవాళ్లు, "మీ ముగ్గురు పిల్లలు, రెండు కార్లు మా లెక్కలోకి ఎందుకు?" అని చిన్న ఫ్లాట్లవాళ్లు. ఎప్పటివో పార్కింగ్ పగలు కూడా అందులోకి వచ్చి పడ్డాయి.

నేను చేసింది ఒకటే. తర్వాతి మీటింగుకు అందరి సేల్ డీడ్‌లలో అన్‌డివైడెడ్ షేరు (ఉమ్మడి స్థలంలో ఫ్లాటుకు రాసిన వాటా) ఎన్ని గజాలో ఆ పేజీ జిరాక్సులు తెచ్చి, మా బైలాలో ఉమ్మడి ఖర్చు ఆ వాటాను బట్టే అని ఉన్న పేరా పక్కన పెట్టి చదివాను. నా అభిప్రాయం చెప్పలేదు. మేనేజరు న్యాయం చెప్పడం మొదలుపెడితే ఏదో ఒక వర్గం మనిషైపోతాడు. ఎవరి సంతకం వాళ్ల ముందు పెడితే చాలు. ఎస్‌ఎఫ్‌టి పద్ధతికి 38 చేతులు లేచాయి, 9 వ్యతిరేకం. మినిట్స్ పుస్తకంలో వ్యతిరేకించినవాళ్ల అభ్యంతరం కూడా వాళ్ల మాటల్లోనే రాయించాను. అలా రాయించడం వల్లేనేమో, ఆ తొమ్మిది మందిలో ఏడుగురు మొదటి వాయిదా నెలలోనే కట్టారు.

వసూలు మూడు వాయిదాలు. అద్దెవాళ్లతో ఇంకో చిక్కు. "ఇది ఓనరు కట్టాల్సింది" అని వాళ్లు, "వాడుకునేది వాళ్లేగా" అని ఓనర్లు. ఇది మరమ్మతు కాదు, ఆస్తికి చేరే ఖర్చు, ఓనరుదే అని కమిటీ చేత ఒక్క పేజీ రాయించి పంపాం. అమెరికాలో ఉన్న ఒక ఓనరు అద్దెలో మినహాయించుకోమని తన అద్దెదారుకు మెసేజ్ పెట్టారు. దాన్ని ప్రింటు తీసి ఇద్దరి సంతకాలతో ఫైల్లో పెట్టాను. బాకీదార్ల పేర్లు నోటీసు బోర్డు మీద అంటించమని ఒత్తిడి వచ్చింది. నేను అంటించలేదు, ఇకపైనా అంటించను. పేరు ఒకసారి గోడకెక్కాక ఆ మనిషి డబ్బు కడతాడేమో కానీ, మీటింగుకు మాత్రం రాడు. ప్రతి ఫ్లాటుకూ విడిగా ఉత్తరం, దాంతోపాటు 2022లో బురద పట్టిన ప్యానెల్ ఫోటో ఒకటి పంపాను. 2023 ఆగస్టుకల్లా 6,42,000 వచ్చింది, మిగతాది ఏడాది చివరికి. పని అక్టోబరులో అయిపోయింది.

అప్పుడే ఆ 22 వరుసల లిస్టును లామినేషన్ చేయించి వాచ్‌మన్‌కిచ్చాను. పెద్ద వాన హెచ్చరిక వస్తే ఏది ముందు, ఏది తర్వాత చేయాలో అందులో ఉంటుంది. అయిపోయినదానికి పక్కన మార్కరుతో టిక్కు పెట్టాలి.

ఆగస్టు 31 రాత్రి

2024 ఆగస్టు 31, శనివారం. పొద్దున్నే మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయిన రోజు అది. వాన తెరిపివ్వలేదు. రాత్రి ఇంటికి పోయే దారి లేక మొదటి అంతస్తు హాలు పక్కన ఉన్న ఆఫీసు గదిలోనే పడుకున్నాను.

తెల్లవారుజామున వాచ్‌మన్ తలుపు కొట్టాడు. "సార్, వాన తగ్గింది. నీళ్లు పెరుగుతున్నయి." ఆ రెండు ముక్కలూ కలిపి విన్నప్పుడు అర్థమైంది, ఇది వాన నీరు కాదని. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు మామూలుగా కొల్లేటికి పోవాలి. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదను డైవర్షన్ కాలవలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే అది ఎక్కడికి పోతుంది? మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, బ్యారేజీ చరిత్రలోనే ఎక్కువ. డైవర్షన్ కాలవ గట్లు తెగి ఆ నీరంతా మా మీదికి మళ్లింది.

మాకు దొరికింది గంటన్నర. నేను ఫోన్లు చేస్తున్నాను, వాచ్‌మన్ ఐదంతస్తులూ తలుపులు కొడుతున్నాడు. సెల్లార్లో 41 కార్లు. 27 బయటపడి ఫ్లైఓవర్ మీదికి చేరాయి. ఒక లిఫ్టును మూడో అంతస్తులో ఆపి మెయిన్ కట్టేశాడు. రెండోదాన్ని ఆపబోయేసరికి ఎవరో కారు తాళాల కోసం పైకీ కిందికీ తిప్పుతున్నారు. సెల్లార్లో ఉండగానే కరెంటు పోయింది, అది అక్కడే మునిగింది. దాని ఖరీదు తర్వాత 2,65,000 అయింది. సంపు వాల్వు మూసి బోరు బైపాస్ తెరిచాం. డాబా మీద రెండు ట్యాంకులూ కలిపి 20,000 లీటర్లు, నిండాయి.

ఏడు గంటలకు ర్యాంపు కనపడలేదు. నీరు ఎర్ర గీత దాటి 4 అడుగుల 2 అంగుళాల దగ్గర ఆగింది. దిమ్మె మీద జనరేటరు అడుగు 5 అడుగుల దగ్గర ఉంది. పది అంగుళాలు మిగిలాయి. ఇంజినీరు రెండడుగులు విన్నుంటే, ఈ కేసు ఇక్కడితో ఆపేయాల్సి వచ్చేది.

తొమ్మిది రోజులు

పడవలూ డ్రోన్లూ టీవీలో అందరూ చూశారు. నేను లోపలి లెక్కలు చెప్తాను.

30 కేవీఏ జనరేటరు కామన్ లైట్లు, ఒక లిఫ్టు, బోరు మోటారు వరకే. ఫ్లాట్లకు ఇవ్వలేం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. రోజుకు 15 లీటర్ల డీజిల్. ట్యాంకులో, క్యాన్లలో కలిపి 130 ఉంది. నాలుగో రోజు పడవలో ఇంకో 40 వచ్చింది. ప్రతి అంతస్తు వరండాలో ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టాం. ఆ రెండు గంటల్లో బోర్డు చుట్టూ పదీ పదిహేను ఫోన్లు నేల మీద వరసగా పడుకుని ఉండేవి. ఒక్కోదాని కింద ఫ్లాటు నంబరు రాసిన చీటీ. వాటా లెక్కలో తేడాకు కోర్టుకెళ్తామన్న ఇద్దరు ఓనర్లు ఒకే చార్జరు మార్చి మార్చి పెట్టుకోవడం చూశాను.

ఎక్కువ కాపాడింది 2,40,000 ప్యానెల్ కాదు, ప్లంబరు చెప్పిన ఆ గేటు వాల్వు. కేసింగును సున్నా మీద 5 అడుగుల దాకా పెంచడంతో వరద నీరు బోరులోకి పోలేదు. అయినా నమ్మకుండా బ్లీచింగ్ కలిపాం. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే మా 20,000 లీటర్లకు 50 గ్రాములు. గంట ఆగి, క్లోరోస్కోపులో (నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే కిట్టు) పసుపు రంగు వచ్చాకే వాల్వు వదలడం. వాడుకకే, తాగడానికి పడవల్లో వచ్చిన సీసాలే. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట.

తప్పులు కూడా చెప్పాలి. మెట్ల దగ్గర మీటర్ల బోర్డులో కింది వరుస 20 మీటర్లు మునిగాయి. అవి విద్యుత్ శాఖవి, మనం కదపకూడదు. పైకి మార్చమని అర్జీ పెట్టాలని లిస్టులో నేనే రాసుకుని, పెట్టకుండా వదిలేశాను. రెండోది, మురుగు. వీధి మ్యాన్‌హోళ్లు నిండి మొదటి అంతస్తు బాత్రూముల్లోంచి పైకి తన్నింది. ఇసుక సంచులు కమోడ్లలో కుక్కి ఆపాం. మురుగు లైనుకు వెనక్కి తన్నకుండా ఒక వాల్వు పెట్టాలన్న ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాలేదు. తర్వాత 28,000తో పెట్టించాం. సెల్లారు ఉన్నవాళ్లు రేపే పెట్టించండి.

సెప్టెంబర్ 7న సైన్యం సాయంతో గండ్లు పూడ్చడం అయిపోయింది. ఆ రోజు వినాయక చవితి. డాబా మీద మట్టి బొమ్మ కూడా లేదు, పసుపు ముద్దకే పూజ చేశారు. మా వీధిలో రోడ్డు కనపడింది 9న.

నీళ్లు దిగాక అసలు ప్రమాదం తొందర. మునిగిన 14 కార్ల ఓనర్లలో ఏడుగురు తాళం తిప్పబోయారు. ఇంజన్లోకి నీళ్లు పోయి ఉండగా స్టార్ట్ చేస్తే రాడ్లు వంగిపోతాయి, అది వరద నష్టం కాదు, మీ తప్పేనని ఇన్సూరెన్సువాళ్లు మడత పేచీ పెట్టే వీలుంటుంది. ర్యాంపు దగ్గర కుర్చీ వేసుకుని రెండు రోజులు నేను చేసిన పని "తిప్పకండి సార్, ఫోటో తీసి లాగించండి" అనడమే. మోటార్లకు తేమ ఆరిందో లేదో చూసే 500 వోల్టుల మెగ్గరు పెట్టి, అది ఒక మెగోమ్ చూపేదాకా కనెక్షన్ ఇవ్వనివ్వలేదు. సంపును కడిగి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున బ్లీచింగ్ వేసి రాత్రంతా ఉంచి, పారబోసి, మళ్లీ నింపాం. ఫైరింజన్ వచ్చి సెల్లార్లో బురదను చాలావరకు కొట్టేసింది. 13న కరెంటు వచ్చింది.

మొత్తం మీద మా అపార్ట్‌మెంటు సంఘానికి పడింది మూడున్నర లక్షల లోపే. పక్క వీధిలో ఇదే సైజు బిల్డింగు ఒకటి నెల దాకా చీకట్లో ఉండి, పధ్నాలుగు లక్షలు పెట్టింది. శాలువా వచ్చింది ఈ లెక్కకే.

వాచ్‌మన్ గది

ర్యాంపు కింద, సెల్లార్లో, పది బై ఎనిమిది గది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నీళ్లు దిగాక మూడో రోజు ఆ తలుపు తీశాం. ఉబ్బిపోయి తెరుచుకోలేదు, గడపారతో తీశాం. కుట్టుమిషను తలకిందులై మంచం మీద ఉంది. బియ్యం డ్రమ్ము పగిలి, గింజలు కుళ్లి నల్లబడి నేలంతా అంటుకుపోయాయి. పెద్దపిల్ల ఎనిమిదో తరగతి పుస్తకాలు ఒక్కో పుస్తకం ఒక్కో ఇటుకలాగా అయింది. వాళ్లావిడ ఏమీ అనలేదు. చీపురు తెచ్చుకుంది.

ఆ తెల్లవారుజామున ఆమె పిల్లల్నీ ఒక సంచినీ పట్టుకుని మొదటి అంతస్తుకు ఎక్కింది. అతను ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా గదికి పోలేదు. ఆఫీసు బల్ల మీద ఆ లామినేషన్ కాగితం దొరికింది. 22 వరుసల్లో 19కి టిక్కులు, వరసగా, ఒక్కటి కూడా దాటేయకుండా. సీసీ కెమెరాల డబ్బాకు టిక్కు ఉంది. అగ్నిమాపక సిలిండర్లకు టిక్కు ఉంది. "మీ సామాను ఎందుకు తెచ్చుకోలేదయ్యా?" అన్నాను. "లిస్టులో ఉన్నయి అయిపోయాక చూద్దామనుకున్నాను సార్" అన్నాడు.

టేపు పట్టుకుని సెల్లారంతా కొలిచిన ఆదివారం, ఆ గది గుమ్మం ముందే నిలబడి మేం ముగ్గురం టీ తాగాం. వాళ్లావిడే ఇచ్చింది.

ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 సాయం ప్రకటించింది. లెక్కకు వచ్చినవాళ్లు అడిగేది డోర్ నంబరు. సెల్లారు గదికి డోర్ నంబరు ఎక్కడిది? రేషన్ కార్డు చూస్తే సొంతూళ్లో. ఎవరి తప్పూ లేదు, కాగితాల మీద ఆ గదే లేదు. నా లిస్టులోనూ లేదు. ఫ్లాటుకు 500 చొప్పున అడిగితే 52 ఫ్లాట్లు ఇచ్చాయి, 26,000. కుట్టుమిషను మాస్టారు విడిగా కొన్నారు, రసీదు అడిగితే పోగొట్టుకున్నానన్నారు.

మళ్లీ ఆ గదిలోకే పంపడానికి నాకు మనసొప్పలేదు. మొదటి అంతస్తు హాలు పక్కన నా ఆఫీసు గది ఉంది, బాత్రూం ఉంది, హాల్లోంచి ఇంకో ఎనిమిదడుగులు కలిపి గోడ లేపితే కుటుంబానికి సరిపోతుంది. నవంబరు జనరల్ బాడీలో పెట్టాను. వరద రోజుల్లో వరండాలో ఒకే బోర్డు చుట్టూ కూర్చున్న మనుషులే వీళ్లు కదా, అయిదు నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. రెండు గంటలు పట్టింది. పుట్టినరోజులకు హాలు చిన్నదైపోతుందని, వాళ్ల చుట్టాలు వస్తారని, వంట వాసనలని. 31 చేతులు అవునన్నాయి, 22 కాదన్నాయి. ఐదో అంతస్తాయన అవునన్నవాళ్లలో ఉన్నారు. గోడ ఖర్చు 64,000, ఎస్‌ఎఫ్‌టి లెక్కనే.

నా బల్లా కంప్యూటరూ సెల్లారు గదిలోకి దిగాయి. పగలు కుర్చీ వేసుకోవడానికి, రాత్రి పడుకోవడానికి కాదు. లామినేషన్ కాగితం కొత్తగా చేయించమని వాచ్‌మన్‌కే చెప్పాను, ఏదన్నా మర్చిపోయి ఉంటే నువ్వే రాయి అన్నాను. వాళ్ల పెద్దపిల్ల చేత రాయించుకొచ్చాడు. 22 వరుసలూ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. కింద ఇంకోటి ఉంది:

"23. మేనేజరు సారు గది. రోడ్డుకంటే 5 అడుగులు కింద. పైకి తేవలసినవి: రిజిస్టర్లు, కంప్యూటరు, సారు చెప్పులు."